పట్టీకి పరీక్ష

రైల్వే గుమాస్తా ఉగాది సంచికకు ఏమి వ్రాయగలడని సోదరులు అడుగవచ్చును. మేము ఎరిగినది వ్యాగను నెంబరు. దాని కథనే వ్రాయుచున్నాము.

మన సరుకుల వ్యాగనుకు 11 అంకెల నెంబరు ఉండును. చివరి అంకె ముందున్న పదింటికి సాక్షి. కొన్నేండ్ల క్రిందట ఒక వానరాత్రి టార్చిలైటుతో బండి వెంబడి నడచుచు మేము 3ను 8గా వ్రాసుకొన్నాము. లెక్క కుదరలేదని కంప్యూటరు త్రోసివేసినది. తడియుచు మరల బండి చివరిదాకా పోవలసివచ్చినది.

ఈ అవస్థ మన ఒక్కరిదే కాదు. అమెరికా రైల్వేలు 1967లో ప్రతి వ్యాగనుకు రంగుగీతల పట్టీ ఉండవలెనని నిర్ణయించినవి. దానికి కార్‌ట్రాక్ అని పేరు. దారిప్రక్క యంత్రము వెలుగు ప్రసరించి గీతలను చదివెడిది. ఆలోచన మంచిదే. కాని మురికి పట్టి, రంగు చెడి, కొన్నేండ్లకే దాదాపు ఐదింట ఒకటి చదువరాకపోయినది. 1970వ దశకము చివరికి దానిని విడిచిపెట్టినారు. 1991లో రేడియో పట్టీని తప్పనిసరి చేసినారు.

తిరిగివచ్చిన రేడియో తరంగముతో వార్త పంపవచ్చునని హారీ స్టాక్‌మన్ 1948లోనే వ్రాసినాడు. నేటి ఆర్.ఎఫ్.ఐ.డి. పట్టీకి ఆ తలంపే మూలము. మన వ్యాగనుల పట్టీలో బ్యాటరీ ఉండదు. దారిప్రక్క యంత్రము పంపిన తరంగమునుండియే శక్తి గ్రహించి తన నెంబరు చెప్పును. మన దేశమున క్రిస్ సంస్థ ఈ పని చేపట్టినది. 2021 ఫిబ్రవరి నాటికి సుమారు 23,000 వ్యాగనులకు పట్టీలు అమరినవి.

అయితే పట్టీ నిజము పలుకునని హామీ ఎవరిది? వ్యాగను ఇనుప ఒడలు రేడియో తరంగమును చెదరగొట్టును. కాగితముపై చక్కగా పలికిన పట్టీ ఇనుముపై మూగబోవచ్చును. ఎండ, వాన, కుదుపులు ఉండనే ఉన్నవి. ఇక్కడ ఒక భేదము గుర్తించవలెను. ఐ.ఎస్.ఓ. 9001 పత్రము కర్మాగారపు పని పద్ధతికి ఇచ్చునది, పట్టీకి కాదు. పట్టీ నియమము ప్రకారము మాటాడుచున్నదా అని చూచుటకు 18047, ఎంత దూరమునుండి ఎంత బాగుగా పలుకునో కొలుచుటకు 18046 అను వేరు ప్రమాణములు కలవు. గోడకు వ్రేలాడు పత్రమును చూచి సరుకు తీసికొనువాడు మోసపోవును.

మన బీదరువారికి ఇది క్రొత్త మాట కాదు. బిద్రీ పనివారు జింకు, రాగి కలిపి పోతపోసి వెండి పొదుగుదురు. నలుపు తేల్చుటకు కోట మట్టి కావలెను. ఆ మట్టిని నాలుకపై వేసికొని చూచి గాని వారు తీసికొనరు. బిద్రీకి భౌగోళిక గుర్తింపు 2006లో వచ్చినది. నాలుక పరీక్ష అంతకు ఎన్నో తరములకు ముందే ఉన్నది.

మన పిల్లలు నేడు ఇటువంటి కర్మాగారములలో ఉద్యోగములకు పోవుచున్నారు. పరీక్షించని సరుకుపై సంతకము చేయకుడని వారికి మా విన్నపము. ఆ ఒక్క సంతకము సరిగా ఉన్నచో ఎక్కడో ఒక గుమాస్తా వానలో రెండవమారు నడువనక్కరలేదు.

సోదరసోదరీమణులకు ఉగాది శుభాకాంక్షలు.