బొమ్మ తలలో తిమింగిలం

జపాన్ బున్‌రాకు బొమ్మలాటలో వీరుడి బొమ్మ కోపంతో కనుబొమలు ఎగరేస్తుంది. అలా ఎగిరిన కనుబొమను మళ్లీ కిందికి దింపేది తిమింగిలం. పళ్లు లేని తిమింగిలాల నోట్లో పైదవడ నుంచి జల్లెడలాంటి పలకలు వేలాడుతుంటాయి. జపనీయులు వాటిని ‘మీసం’ అంటారు. ఆ మీసాన్ని సన్నగా చీల్చి బొమ్మ తల లోపల స్ప్రింగులా బిగిస్తారు. దారం లాగితే వంగుతుంది, వదిలితే మెత్తగా వెనక్కి వస్తుంది. లోహపు స్ప్రింగుకు ఆ మెత్తదనం లేదని పనివాళ్ల మాట.

ఇందుకు పేరుపడింది సెమి జాతి తిమింగిలం మీసం. వేటాడి వేటాడి ఆ జాతి అంతరించే దశకు రావడంతో 1930లలోనే దాని వేటను నిషేధించారు. జపాన్ 2019లో వాణిజ్య వేటను తిరిగి మొదలుపెట్టింది కానీ ఆ జాబితాలో సెమి లేదు. అంటే పాత నిల్వలు అయిపోతే మళ్లీ దొరికే దారి లేదు. జపాన్ బొమ్మల తయారీలోకి 3డీ స్కానర్లు, ప్రింటర్లు ఎందుకు వస్తున్నాయో తెలియాలంటే ముందు ఈ తల లోపలికి చూడాలి.

ఈ తలను ‘కషిర’ అంటారు. హినోకి చెట్టు దుంగలో ముఖం చెక్కుతారు. ముఖం పూర్తయ్యాక, సరిగ్గా చెవుల ముందు నుంచి తలను నిలువునా రెండుగా చీలుస్తారు. రెండు చిప్పలనూ లోపల తొలిచి కళ్లు, కనుబొమలు, నోరు కదిలే ఏర్పాట్లు అమర్చి మళ్లీ అతికిస్తారు. దారాలు మెడ కింది పిడిదాకా వస్తాయి. అక్కడ ఆటగాడి వేళ్లకు అందే చిన్న మీటలకు ‘కొజారు’ అని పేరు, అంటే చిన్న కోతి. ఆపైన ఆల్చిప్పల పొడిని జంతువుల జిగురులో కలిపి పూతమీద పూత వేస్తారు. ఈ తెల్లపూతే గోఫున్. అది ఆరిందంటే అతుకు ఎక్కడుందో కంటికి ఆనదు. ఇంత పనితనమున్న తలను తెరిచి చూపించడమంటే దాన్ని పగలగొట్టడమే.

ఈ ఏర్పాట్లు ఒక్కరోజులో పుట్టినవి కావు. తకెమొతో గిదాయు 1684లో ఒసాకాలోని దోతొన్‌బోరిలో నాటకశాల తెరిచాడు. చికమత్సు మొంజయెమొన్ రాసిన ‘సొనెజాకి షిన్‌జూ’ నాటకం 1703లో అక్కడే ఆడింది. అప్పటికి బొమ్మకు ఒక్కడే ఆటగాడు. 1720ల చివర్లో బొమ్మ నోరు తెరవడం, రెప్పలు ఆర్పడం నేర్చింది. 1733లో వేళ్లు కదిలాయి. 1734లో ఒకే బొమ్మను ముగ్గురు ఆడించడం మొదలైంది: తల, కుడిచేయి ఒకరికి, ఎడమచేయి మరొకరికి, కాళ్లు ఇంకొకరికి. 1736కల్లా కనుబొమలూ కదిలాయి. పదేళ్లలో ఇంత మార్పు! ‘మూడువందల ఏళ్లుగా మారని కళ’ అని ఎవరైనా పొగిడితే ఆ పదేళ్ల పనివాళ్లకు అన్యాయం చేసినట్టే.

తర్వాత అవాజి దీవి నుంచి వచ్చిన ఉఎమురా బున్‌రాకుకెన్ పేరే ఈ కళకు స్థిరపడింది. యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా 2003లో ప్రకటించింది. ఒసాకాలో పేరొచ్చినా తలలు చెక్కే చెయ్యి మాత్రం ఎక్కువగా తొకుషిమాది. ఆ సీమ పాతపేరు అవా. అక్కడ రైతులే పల్లెల్లో ఆరుబయట రంగస్థలాలు కట్టి బొమ్మలాడించేవారు. దూరంగా కూర్చున్నవారికి కూడా కనిపించాలి కాబట్టి అవా తలలు పెద్దవి, మెరుపు ఎక్కువ. ఆ ఊళ్లలో తెన్‌గు హిసాగా పేరుపడ్డ తెన్‌గుయా హిసకిచి (1858–1943) ఎనభై దాటాక కూడా ఉలి వదల్లేదు. తలల పరిమాణం పెంచినవాడు, వాటికి గాజుకళ్లు పెట్టినవాడు ఆయనే. జనం ఏం కోరుతున్నారో గమనించి కొత్త వస్తువును తన పనిలోకి తెచ్చుకున్నాడు.

1945 మార్చిలో ఒసాకా మీద బాంబులు పడ్డాయి. బున్‌రాకు నాటకశాల కాలిపోయింది, తరాలుగా దాచుకున్న తలలూ బూడిదయ్యాయి. తర్వాతి దశాబ్దాల్లో ఆ రంగస్థలం మీద కనిపించిన తలల్లో అధికభాగం నరుతోలో ఉండే ఓఎ మినోసుకె చెక్కినవే. ఒక కళ మొత్తం ఒక మనిషి చేతుల మీద నిలబడిన సందర్భమిది. గుండె గుభేలుమనిపించే విషయం కూడా ఇదే. ఆ చేతులు లేకపోతే?

జపాన్‌కు ఈ ప్రశ్న కొత్తది కాదు. తొసా సీమకు చెందిన హొసొకావా హన్‌జో 1796లో ‘కరకురి జుయి’ అనే పుస్తకం అచ్చువేశాడు. టీ కప్పు పట్టుకుని అతిథి దగ్గరికి నడిచి వచ్చే బొమ్మను ఎలా చేయాలో పళ్లచక్రాలతో సహా గీసి చూపించాడు. అందులోనూ నడిపించేది తిమింగిలం మీసమే. 20వ శతాబ్దంలో ఆ గీతలు చూసే ఆ బొమ్మను మళ్లీ తయారుచేసి నడిపించారు. నా దృష్టిలో ఈనాటి డిజిటల్ ఫైలుకు తాత ఆ పుస్తకమే.

సీటీ స్కాన్ చేసేది కూడా అదే పని, ఇంకా వివరంగా. క్యూషు జాతీయ మ్యూజియం పాత బుద్ధవిగ్రహాలను పెద్ద సీటీ యంత్రంలో పెట్టి లోపల ఏముందో తెరవకుండానే చూస్తోంది. బొమ్మ తలకూ అదే దారి. చిప్ప మందం ఎంత, మీసం ఎక్కడ బిగించారు, దారం ఏ కోణంలో దిగింది, అన్నీ కొలతలతో దొరుకుతాయి. లోపలి భాగాలను విడిగా ప్రింట్ చేసి, పారదర్శకమైన చిప్పలో అమర్చి, నేర్చుకునేవాడి చేతిలో పెట్టవచ్చు. విరిగితే మరొకటి వస్తుంది. మీసానికి బదులు ఏ ప్లాస్టిక్ పట్టీ, ఎంత మందంలో సరిపోతుందో కూడా అలాంటి తల మీద ప్రయత్నించి చూడవచ్చు. పాత తల మీద ఆ సాహసం ఎవరు చేస్తారు?

వకయామాలో జరిగింది మరీ ముచ్చటైనది. కాపలా లేని పల్లె గుళ్లలో విగ్రహాల దొంగతనాలు పెరిగితే, ఆ జిల్లా మ్యూజియం ఒక పారిశ్రామిక ఉన్నత పాఠశాల పిల్లలతో విగ్రహాలను స్కాన్ చేయించి ప్రింట్ చేయించింది. రంగులు కూడా విద్యార్థులే వేశారు. అసలు విగ్రహం మ్యూజియంలో భద్రంగా ఉంది, ప్రతిరూపం గుడిలో పూజలందుకుంటోంది. బొమ్మలాట నేర్చుకునే బడిపిల్లలకు, ఊరి బృందాలకు ఇలాంటి తలలే కావాలి.

కానీ రంగస్థలం మీదికి అదే తల పనికిరాదు. ప్రధాన ఆటగాడు ఎడమచేత్తో తలను మోస్తాడు, బరువు మారితే బొమ్మ ఊపిరి మారుతుంది. చెక్క పీల్చుకున్నట్టు ప్లాస్టిక్ జిగురును పీల్చుకోదు కాబట్టి గోఫున్ కూడా అంతగా పట్టదు. హినోకి దుంగనే కంప్యూటర్ యంత్రంతో కోయించవచ్చు, లోపలి తొలుపు దానికి అప్పగించినా తప్పులేదు. ముఖానికి చివరి గీత మాత్రం చెక్కేవాడి ఉలితోనే పడాలి. యంత్రం ఉన్న ముఖాన్నే తిరిగి ఇస్తుంది, కొత్త నాటకానికి కొత్త ముఖాన్ని ఊహించలేదు.

ఇంకొకటి. కొలత ఎంత మందమో చెబుతుంది, అంతే మందం ఎందుకు ఉంచారో చెప్పదు. అందుకు పనివాడిని పక్కన కూర్చోబెట్టుకుని స్కాన్ చేయాలి, ఆయన చెబుతుంటే రాసుకోవాలి, ఉలి తిప్పే చేతిని వీడియో తీయాలి. ఇదంతా పని తెలిసినవారు ఉండగానే జరగాలి. ఓఎ మినోసుకె 1997లో కన్నుమూశారు.