అలంకార కాగితకళ: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతము

రంగు కాగితమును మడచి, కత్తిరించి, అతికి, పెండ్లిపందిళ్లకును, దేవతామండపములకును, వధూవరుల లలాటములకును శోభ గూర్చెడి గృహశిల్పము అలంకార కాగితకళ. నిజామాబాదు జిల్లా నుండి విడివడి 2016 అక్టోబరు 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాయందలి కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణములలోను, పరిసర గ్రామములలోను, తెలంగాణమున ఇతరత్ర వలెనే, ఈ కళ పండుగలతోను శుభకార్యములతోను పెనవేసికొని యున్నది.

పరికరములు, విధానము: పలుచని పతంగి కాగితము, తళుకు కాగితము, అట్ట, బెండు, వెదురుపుల్లలు, సన్నతీగ, సుతిలి తాడు ఇందుకు ముఖ్యసామగ్రి, మైదాపిండిని నీటిలో కలిపి కాచిన లై అతుకుటకు చాలును. తావును పలుమారులు మడచి, మడతల అంచులను కత్తెరతో తొలిచి విప్పినచో, ఒక్క కోత అన్ని మడతలయందును పడుటచే, సమప్రమాణమైన జాలీ ఏర్పడును. పట్టీ అంచును సన్నని చీలికలుగా కత్తిరించి, తీగచుట్టు బిగించి, రేకలను వ్రేళ్లతో విప్పిన పువ్వగును. త్రికోణములుగా కోసిన ముక్కలను తాటికి వరుసగా అతికిన తోరణమగును.

ప్రయోజనములు: ఇట్టి కాగితపు అలంకారములయందెల్ల బాసింగము విశిష్టమైనది. అట్టమీదనో బెండుమీదనో తళుకు కాగితము పొదిగి, పూసలతో అంచులు దీర్చి, వివాహసమయమున వధూవరుల నొసట కట్టెడి ఈ ఆభరణము, స్వల్పమూల్యమైన పదార్థమునకు మంగళగౌరవము నాపాదించినది. వినాయకచవితి మండపములకు రంగు తోరణములును, సంక్రాంతికి వెదురుబద్దలపై కాగితము పరచిన పతంగులును కలవు. భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిదినాళ్లు జరిగెడి బతుకమ్మ 2014లో రాష్ట్రపండుగయైనది. అందు తంగేడు, గునుగు, బంతి పూలదే ప్రాధాన్యమైనను, అవి లభింపని పరదేశములయందు ప్రవాస తెలంగాణ వనితలు కాగితపు పూలను ఆశ్రయించుటయు గలదు.

ముద్రణ, సంప్రదాయము: ఇట్టి గృహశిల్పములు ఒకరినుండి ఒకరికి సంక్రమించు తీరు అన్నిచోట్ల ఒక్కటి కాదు. ఐరోపాయందు స్త్రీల హస్తకళలు అచ్చునకెక్కి ప్రచారమొందినవి. డచ్చి దేశమున, 1821లో ఆరంభమైన ‘పెనెలోపె’యు, 1862 నుండి 1936 వరకు వెలువడిన ‘డె గ్రాసియూజ్’ పత్రికయు నమూనాలతో కూడిన హస్తకళలను గృహిణులకు బోధించినవి. తెలుగునను 1902లో ‘హిందూసుందరి’, 1928లో మద్రాసునందు ‘గృహలక్ష్మి’ పత్రికలు వెలసి స్త్రీవిద్యకు ఎనలేని సేవ చేసినవి. అయినను, ఈ ప్రాంతము చేరియుండిన నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాషయై, తెలుగు పాఠశాలలును పత్రికలును మిక్కిలి విరళమై, స్త్రీలలో అక్షరాస్యత అత్యల్పమై యుండుటచే, ఇచ్చటి కాగితశిల్పము అచ్చుబొమ్మనుండి గాక, తల్లి చేతినుండి కూతురి చేతికి, వదిన చేతినుండి ఆడబిడ్డ చేతికి సంక్రమించినది. అందుచేతనే దానికి నిపుణులు గలరు గాని గ్రంథములు అరుదు.

నేటి స్థితి: వానకు తడిసి రంగు కారెడి కాగితము స్థానమును ప్లాస్టికు తోరణములును, అంగడి బాసింగములును ఆక్రమించుచున్నవి. కాగితము మట్టిలో కలియును; ప్లాస్టికు కలియదు. ఇంటిలోని పెద్దల చేతిపనిని కొలతలతో, చిత్రములతో లిఖించి, పాఠశాలలయందు బాలబాలికలకు నేర్పుట ఈ జిల్లా విద్యావంతుల తక్షణ కర్తవ్యము.