టైరులో ఇంకిపోయిన పాలు

బుస్సుమని చప్పుడొచ్చింది. అతను ఆగలేదు. ట్యూబ్‌లెస్ టైర్ల సైకిలు మీద కొండదారుల్లో తిరిగేవాళ్ళకి ఆ చప్పుడు అలవాటే. ముల్లు దిగుతుంది, కాస్త గాలి పోతుంది, చక్రం నాలుగు చుట్లు తిరిగేలోపు లోపలి సీలెంట్ చిల్లు పూడ్చేస్తుంది. కాలిపిక్క మీద తెల్లచుక్కలు పడతాయి, అంతే.

ఈసారి చుక్కలు పడలేదు. చప్పుడూ ఆగలేదు. రెండు మలుపులు తిరిగేసరికి వెనక చక్రం రిమ్ము రాళ్ళకి కొట్టుకోసాగింది.

2023 జులై. అమెరికాలో అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ నగరం. ఆ నెల అక్కడున్నవాళ్ళని అడిగితే ఇప్పటికీ తల పట్టుకుంటారు. జూన్ 30న 43 డిగ్రీలు దాటిన ఎండ, జులై 30 దాకా వరసగా 31 రోజులు ఆ గీత కిందికి దిగలేదు. 19, 20, 25 తేదీల్లో 48 దాటింది. రాత్రిళ్ళయినా చల్లబడిందా అంటే అదీ లేదు, పదహారు రాత్రులు వరసగా 32కి తగ్గలేదు.

అతనిది అనంతపురం. ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌లో చిప్పుల ఫ్యాక్టరీ ఉద్యోగం. పేరు వద్దన్నాడు, వదిలేద్దాం. సౌత్ మౌంటెన్ కొండల దక్షిణపు అంచున డెజర్ట్ క్లాసిక్ అనే దారి ఉంది. పీమా క్యానియన్ దగ్గర సూర్యోదయానికే ఎక్కితే ఎండ ముదిరేలోపు తిరిగి రావచ్చు. అలాగే బయల్దేరాడు. టైరు కూచున్నది తిరుగుదారిలో. టైము ఎనిమిది కాలేదు, అప్పటికే 38 డిగ్రీలు. రెండు సీసాల నీళ్ళలో ఒకటి ఖాళీ.

మెస్కీట్ ముల్లు. మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం. దాన్ని పీకి, గాలికొట్టి, చక్రం గిరగిరా తిప్పాడు. లోపల ద్రవం ఉంటే తిప్పగానే చిల్లు దగ్గరికి చేరాలి. గాలి ఎక్కినంత వేగంగానే దిగిపోయింది. మెస్కీట్ నీడంటే పల్చటి జల్లెడ నీడ, అందులోనే కూచుని టైరు అంచు విప్పాడు.

చేతికి తడి తగల్లేదు. గోడలకి పాలమీగడ కట్టినట్టు పల్చటి పొర, మధ్యలో గోలీకాయంత రబ్బరు ముద్ద. అక్కడి సైకిలువాళ్ళు ఆ ముద్దని ముద్దుగా 'స్టానిమల్' అంటారు. స్టాన్ కోజియాటెక్ అనే ఆయన 2001లో పెట్టిన కంపెనీ సీలెంట్ అంత వాడుకలోకి వచ్చింది మరి.

ఈ ద్రవంలో రహస్యమేమీ లేదు. ఎక్కువ రకాల్లో ఉండేది రబ్బరు చెట్టు పాలు. దాంట్లో నీళ్ళు, గడ్డకట్టకుండా గ్లైకాల్, చిల్లులో ఇరుక్కునే చిన్న పలుకులు. కేరళ తోటల్లో తెల్లవారుజామున గీత గీసి పట్టిన పాలు కొన్ని గంటల్లోనే గట్టిపడిపోతాయి. అలా కాకుండా అమ్మోనియా కలుపుతారు. షీట్లు కావాలనుకున్నవాళ్ళు మాత్రం ఫార్మిక్ ఆమ్లం పోసి కావాలనే విరగ్గొడతారు. టైరుకి చిల్లుపడినప్పుడు జరిగేదీ విరగడమే. గాలితోపాటు ద్రవం దూసుకొస్తుంది, నీళ్ళు ఎగిరిపోతాయి, రబ్బరు అక్కడికక్కడే పేరుకుని చిల్లుకి బిరడా అవుతుంది.

చిక్కేమిటంటే టైరు గోడ గాలిని ఆపినంత గట్టిగా నీటి ఆవిరిని ఆపదు. మౌంటెన్ సైకిలు టైరు బరువు తగ్గించడానికి ఆ గోడని పల్చగా చేస్తారు కూడా. ఎండాకాలం ఫీనిక్స్‌లో తలుపు మూసిన గరాజ్ బయటికన్నా వేడి. సైకిలు పగలూ రాత్రీ అందులోనే. చల్లటి ఊళ్ళో ఆరేడు నెలలు నిలిచే సీలెంట్ ఇలాంటిచోట రెండు నెలలు కూడా ఉండదు. అతను పోసింది వసంతంలో. నెలలు లెక్కపెట్టుకున్నాడు, వేడిని లెక్కపెట్టలేదు. పైగా గాలి పోయి చూపించే జబ్బు కాదిది. సీలెంట్ చచ్చినా టైరు గట్టిగానే ఉంటుంది, తర్వాతి ముల్లు దిగేదాకా.

సంచిలో ట్యూబు ఉంది. అతను స్థిమితపడింది అందుకే. లోపలికి దూర్చి గాలికొట్టాడు. ఎక్కింది. పది నిమిషాలు తొక్కాడో లేదో మళ్ళీ కూచుంది.

ఈ రెండో దెబ్బ గురించి దుకాణాల్లో ఎవరూ ముందుగా చెప్పరు, చెప్పాలి. సీలెంట్ బతికున్నన్నాళ్ళూ టైరులో దిగిన ముళ్ళు అలాగే ఉండిపోతాయి. చుట్టూ రబ్బరు పేరుకుని గాలిని ఆపుతుంది కాబట్టి లోపలున్నాయనే తెలియదు. ఆ టైరులో ట్యూబు పెట్టారా, ఒక్కో ముల్లు మొన ట్యూబుకి ఆనుకుని కాచుకుని ఉంటుంది. లోపలివైపు తడిమి చూసేసరికి వేలు చురుక్కుమంది. ఒకటి కాదు, రెండు కాదు. కాలువ గట్ల మీద, పార్కింగ్ అంచుల్లో నెలల తరబడి తొక్కుతూ ఏరుకున్నవన్నీ అక్కడే ఉన్నాయి.

ఏరుతూ కూచుంటే ఎండ ముదురుతుంది. అతికించే ముక్కలున్నాయి సరే, జిగురు గొట్టం ఎండిపోయి ఉంది. (అదీ అదే గరాజ్‌లోది.) రెండో సీసాలో సగం నీళ్ళు.

ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో ఎండతో ముడిపడిన మరణాలు 645 అని కౌంటీ ఆరోగ్యశాఖ తర్వాత లెక్క తేల్చింది. అప్పుడు అతనికి ఆ అంకె తెలియదు. తెలిసిందల్లా నోరు పిడచకట్టుకుపోతోందని. ఎక్కినచోట పెట్టిన కారు దాకా వెళ్ళాలన్న పంతం వదిలేశాడు. కింద అవటూకీ అనే పేటలో ఇళ్ళ కప్పులు కనబడుతున్నాయి. అటు దిగే పిల్లదారి పట్టుకుని సైకిలు తోసుకుంటూ నడిచాడు. బతికించిన నిర్ణయం అదే. వీధిలో మొదటి ఇంటి ముందు ఒక పెద్దాయన మొక్కలకి నీళ్ళు పడుతున్నాడు. అతని మొహం చూసి ఏమీ అడగలేదు, గరాజ్ తలుపెత్తి నీడలో కూచోబెట్టి, నీళ్ళసీసా చేతిలో పెట్టి, మెడ మీద తడిగుడ్డ వేశాడు.

సాయంత్రం ఇంట్లో టైరు విప్పి ముందేసుకుంటే అమ్మ వచ్చి పక్కన కూచుంది. కొడుకు దగ్గర మూడు నెలలుందామని వచ్చిన మనిషి. ఒక ముల్లు అరచేతిలో వేసుకుని తిప్పి చూసింది.

"ఏందిరా, ఇది పల్లేరుకాయ గదా! మన చేన్లో ఉన్నవి చాలక ఈడ గూడా ఉండాయా?"

"ఇక్కడ గోట్‌హెడ్ అంటారమ్మా."

"ఏమన్నా అనుకోనీలే. మీ తాతకు మూత్రంలో రాయి ఉంటే దీంతోనే కషాయం కాసిచ్చినారు."

ఆమె పొరబడలేదు. ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్, మన పల్లేరే. అమెరికాది కాదు, పాత ప్రపంచం నుంచి వెళ్ళి స్థిరపడింది. దీన్ని తినే రెండు రకాల ముక్కుపురుగుల్ని 1961లో ఇటలీ నుంచి తెచ్చి మరీ వదిలారు. పురుగులు తిన్నంత తిన్నాయి, సైకిళ్ళకి మిగలాల్సినవి మిగిలాయి.

అమ్మ పిన్నీసు తీసి ఒక్కో మొననీ లోపలినుంచి బయటికి తోసింది. అతను ఎండిన పొర ఒలిచి, ఒక్కో టైరుకి 120 మిల్లీలీటర్లు కొత్తగా పోశాడు. ఇప్పుడు ఎండాకాలంలో నెలకోసారి వాల్వు పిన్ను విప్పి, సన్నటి పుల్ల దూర్చి తడి చూస్తాడు. ప్లగ్గులు, కొత్త జిగురు, మూడో సీసా సంచిలో ఉంటాయి. సైకిలు గరాజ్‌లోంచి హాల్లోకి, సోఫా వెనక్కి వచ్చింది.

"మనుషులకంటే సరే, సైకిలుకు గూడా ఏసీ ఏందిరా?" అని అమ్మ తిరుగు ప్రయాణం దాకా సణుగుతూనే ఉందట. అతను మాత్రం దాన్ని అక్కడినుంచి కదపలేదు.