ఆశ్రయమునకు త్రోవ: ఆంధ్ర మహిళా సభ చరిత్రలో ఒక పార్శ్వము

సంస్థల చరిత్రమును వ్రాయబూనినవారు శంకుస్థాపన దినముతో ఆరంభించి, భవనముల వైశాల్యమును, దాతల నామావళిని, విచ్చేసిన ప్రముఖుల పేర్లను వరుసగా ఏకరువు పెట్టుట మన ప్రత్యేక సంచికలలో ఆచారమైపోయినది. ఆ వివరములు వ్యర్థములని నేననను. కాని, 1937లో మదరాసున జన్మించి తొంబదవ యేటికి చేరువగుచున్న ఆంధ్ర మహిళా సభను గూర్చి వ్రాయవలసినదని సంపాదకులు కోరినప్పుడు నాకు మొట్టమొదట తోచిన ప్రశ్న వేఱు. మగడు విడిచినదో, మగనిని కోల్పోయినదో, పుట్టింట భారమై, అత్తింట పరాయిదై, నిలువ నీడ లేక మిగిలిన యొక ఆడుబిడ్డ ఈ సభ గుమ్మమును ఎట్లు కనుగొనెను? ఆమెకు త్రోవ చెప్పినవారెవరు?

గోదావరీ మండలమున పూర్వము ఆకలిగొన్నవానికి ఈ చిక్కు లేకుండెను. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారి యిల్లెక్కడని బాటసారి అడుగనక్కరలేదు. గోదావరి దాటి వచ్చువారికి, వేళయైనను కాకున్నను, ఆ యింట విస్తరి వేయుదురని పరగణా అంతయు ఎరుగును. అయితే ఆకలి వేఱు, నిరాశ్రయత వేఱు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టి సాగనంపవచ్చును. పోవుటకే చోటు లేనివారిని ఎచటికి సాగనంపుదుము? కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున ప్రథమ వితంతు వివాహమును జరిపించిన పిమ్మట, పెండ్లి చేయుటకంటె పెండ్లికి ముందును, పెండ్లి కానివారికి సదా, తల దాచుకొను తావు చూపుట కష్టతరమని గుర్తించి, శరణాలయమును నెలకొల్పి, 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యావదాస్తిని దానికి ధారవోసిరి. ఆ శరణాలయమెచటనున్నదో ఎరుగనివారు లేరు. చిక్కంతయు అచటనే యున్నది. ఒక స్త్రీ ఆ గుమ్మమున అడుగిడినదన్న వార్త ఆమె కన్నవారి వీధికి తెల్లవారునప్పటికి చేరెడిది. వెలియను ఖడ్గము వ్రేలాడుచుండగా, త్రోవ తెలిసియు నడువలేనివారే పెక్కుమంది యుండిరి.

సీతమ్మగారు కీర్తిశేషులైన 1909వ సంవత్సరముననే, జూలై 15వ తేదీన, ఆ రాజమహేంద్రవరముననే, ఈ సభను స్థాపించిన దుర్గాబాయమ్మగారు జన్మించిరి. (ఇందు దైవసంకల్పమును వెదకవలదు, సంవత్సరములు పంచాంగకర్తలకు లొంగినంతగా చరిత్రకారులకు లొంగవు.) గాంధీజీ ఆంధ్రదేశ పర్యటనకు వచ్చిన 1921లో, దేవదాసీ స్త్రీలను, ఘోషా పాటించు ముస్లిం స్త్రీలను ఆయన యెదుటికి తీసికొని పోవలెనని పండ్రెండేండ్ల యీ బాలిక పట్టుపట్టగా, అయిదువేల రూపాయల నిధి తెచ్చినచో కొలది నిమిషములు ఇప్పింతుమని పెద్దలు పరిహాసముగా పలికిరట. ఆ సొమ్మును ఆ స్త్రీలే సమకూర్చిరి. సేవను కోరుకొనువారు మన వద్దకు రావలెనని వేచియుండక, ఎవ్వరును పోని యిండ్లకు తానే పోవుట ఆమెకు బాల్యముననే అలవడిన గుణము.

ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాలకేగినప్పుడు, హత్యానేరమునకు శిక్షపడిన స్త్రీలను ఆమె అచట కాంచిరి. తమపై మోపిన నేరమేమో, దానికి చెప్పుకొనవలసిన సమాధానమేమో ఎరుగని నిరక్షరాస్యులు వారిలో నుండిరి. న్యాయస్థానము తలుపులు తెరచియే యున్నవి. లోపల నడచు విధము మాత్రము వారికి తెలియదు. దుర్గాబాయమ్మగారు న్యాయశాస్త్రము చదువ నిశ్చయించుకొనుటకు ఆ దర్శనమే కారణమైనది. అయితే అంతకు ముందు మెట్రిక్యులేషను కావలెను. క్రమముగా బడిమెట్లెక్కి వచ్చిన చదువు లేనందున, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు పరీక్షకు స్వయముగా చదివి ఉత్తీర్ణురాలైరి. తాను నడచిన యీ అడ్డత్రోవ ఇతరులకును పనికివచ్చునను తలంపే సభకు బీజము.

మైలాపూరున 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అను పేర బాలికలను చేర్చి హిందీ మొదలగునవి నేర్పుటతో ఆరంభమైన ఆ పని, క్రమముగా వయస్సు మీరిన తెలుగు స్త్రీలకు కాశీ మెట్రిక్యులేషను తర్ఫీదుగను, దూరప్రాంతములనుండి వచ్చినవారికి వసతిగృహముగను మారి, ఆంధ్ర మహిళా సభగా రూపొందెను. ఇందలి సూక్ష్మమును మన చరిత్రకారులు తగినంతగా గుర్తింపలేదని నా అభిప్రాయము. 'శరణాలయమునకు పోవుచున్నాను' అని నోరు విప్పి చెప్పలేని స్త్రీ, 'చదువుకొనుటకు మదరాసు పోవుచున్నాను' అని తల యెత్తి చెప్పగలదు. తల్లిదండ్రులును ఇరుగుపొరుగు వారికి ఆ మాటనే చెప్పుకొనగలరు. కూడును, గూడును, తోడును చదువను గౌరవప్రదమైన వస్త్రమున చుట్టి యిచ్చుటచే, వీరేశలింగంగారి కాలమున గుమ్మమునకు అడ్డుపడిన లజ్జ కొంత తొలగిపోయినది. పైగా, రెండేండ్ల పిమ్మట ఆమె ఉపాధ్యాయినిగనో, నర్సుగనో వెలుపలికి వచ్చునప్పటికి ఆ మాట నిజమే అయి కూర్చుండెడిది. సభ వెలువరించిన 'ఆంధ్ర మహిళ' పత్రిక ఈ వార్తను చదువరుల యిండ్లకు మోసినది. చదువరులు లేని యిండ్లకు మాత్రము, సభలో చదివి ఉద్యోగమునకై పల్లెలకు పోయిన స్త్రీలే త్రోవ చూపియుందురని నేనూహింతును. ఊరి బడిలో పంతులమ్మ యొకతె కనబడినచో, 'నీవిట్లెట్లైతివమ్మా?' అని అడుగని ఆడుది మన దేశమున లేదు గదా!

తరువాతి విస్తరణమును పాఠకులెరుగుదురు గనుక త్వరగా దాటెదను. వైద్యశాల, నర్సుల శిక్షణము, అడయారున అంగవైకల్యముగల బాలబాలికలకు చికిత్సాకేంద్రము, హైదరాబాదు విద్యానగరున ఆసుపత్రి, కళాశాలలు ఒకదాని వెంబడి నొకటి వెలసినవి.

మైలాపూరులో నేర్చిన పాఠము ఢిల్లీకి చేరిన వృత్తాంతము ఇంతకంటె ముఖ్యము. ప్రణాళికా సంఘ సభ్యురాలిగా దుర్గాబాయమ్మగారు ప్రథమ ప్రణాళికలో స్వచ్ఛంద సేవాసంస్థల సాయమునకు 4 కోట్ల రూపాయలు కేటాయింపజేసిరి; ఆ సొమ్మును పంచుటకై 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా, దానికి తొలి అధ్యక్షురాలైరి. ఇచ్చుటకు సొమ్మున్నది, పుచ్చుకొనదగిన సంస్థలేవో, ఏ మూల ఏ ఆశ్రమమున్నదో మాత్రము వెదకి తెలిసికొనవలసి వచ్చినది. నిరాశ్రయురాలికి కలిగిన చిక్కే ప్రభుత్వమునకును కలిగినదన్నమాట! దేశమందలి సేవాకార్యములను వివరించుచు ప్రణాళికా సంఘము 1955లో 'సోషల్ వెల్ఫేర్ ఇన్ ఇండియా' యను బృహద్గ్రంథమును వెలువరించెను. అది పండితులకు, అధికారులకు మిక్కిలి ఉపకరించెను. బస్సు దిగి చంకలో బిడ్డతో నిలుచున్న స్త్రీకి ఉపకరించునది కాదు. ఆమెకు ఉపకరించినది 1958లో మండలి ఆరంభించిన సంక్షిప్త విద్యాపథకము. అనగా, రెండేండ్లలో పరీక్షకు సిద్ధపరచు ఆ మైలాపూరు పద్ధతియే దేశమంతట వ్యాపించినది.

నేడు ద్వారములకు కొదవ లేదు. స్త్రీలకు 181, బాలలకు 1098, వృద్ధులకు 14567 అను ఫోను నంబర్లున్నవి. హింసకు గురియైనవారికి సఖి కేంద్రములు, ఇల్లు లేని స్త్రీలకు శక్తి సదనములు కలవు. నగరములలో లక్ష జనాభాకు ఒక్కటి చొప్పున, నూరుగురు పట్టు నైట్ షెల్టరు ఉండవలెనను నియమమును కలదు. అయినను పెద్దాసుపత్రుల ఎదుట, రైల్వే స్టేషనుల వెలుపల కాలిబాటపై నిద్రించువారు నిద్రించుచునే యున్నారు. షెల్టరు ఏ సందులోనో, బోర్డు లేని మేడపైననో యుండును. ఉన్నదని తెలిసినవాడు ఆధార్ కార్డు అడుగుదురేమోయని జంకును. కుటుంబముతో వచ్చినవాడు మగవారి షెల్టరు వేఱు, ఆడువారిది వేఱు అని విని వెనుదిరుగును. చెప్పువారు చెంత లేనిచో నంబరు గోడమీది అంకెలుగనే మిగులును.

కావున సభ నిర్వాహకులకు నాదొక విన్నపము. ఇట్టి సంచికలలో నగల దుకాణముల వారికి, చీరల దుకాణముల వారికి పుటలకు పుటలు ఇచ్చుట ఎరుగుదుము. అది తప్పని అనను, అచ్చుకూలి వారివలననే గదా చెల్లును. అందొక పుటను మిగిల్చి, జిల్లాకు ఏ ఆశ్రయమెచటనున్నదో, ఎవరిని చేర్చుకొందురో, ఏ కాగితము లేకున్నను రానిత్తురో పెద్ద అక్షరములతో ముద్రించి, విడిగా కొన్ని వేల ప్రతులు తీయించి, బస్‌స్టాండులలో విచారణ కిటికీ ప్రక్కను, ప్రభుత్వాసుపత్రులలో ఓపీ చీటీలిచ్చు వరుస వద్దను, రేషను దుకాణముల గోడలపైనను అంటింపవలెను. ఏటేట సరిచూడవలెను, ఎత్తువారు లేని ఫోను నంబరు, ఏ నంబరును లేకుండుటకంటె ఎక్కువ నిరాశ కలిగించును. చదువలేనివారికి చదివి వినిపించు పనిని సభ పూర్వవిద్యార్థినులకు అప్పగింపవచ్చును. స్థలము చాలదందురేని, ఈ వ్యాసమున సగము కొట్టివేసి ఆ పట్టికను చేర్చినను నాకు అభ్యంతరము లేదు.