జట్టూ సంచీ: ఫాంటసీ ఆటల్లో వ్యూహం నడిచిన దారి

ఫాంటసీ రోల్ ప్లేయింగ్ వీడియో గేముల్లో ఆటగాడి ఆలోచన ఎక్కువగా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది: జట్టులో ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఎవరి సంచిలో ఏం పెట్టాలి. వీటిని వేర్వేరు విషయాలుగా చూడడం మామూలే. కానీ ఈ ఆటల చరిత్రలో రెండూ ఒకదాన్నొకటి మలుస్తూ వచ్చాయి. సంచి ఇరుకైన చోట వ్యూహం సంచిలోంచే పుట్టింది. సంచి పెద్దదైనప్పుడు వ్యూహం మరోచోటు వెతుక్కుంది.

దీనికి మూలం కంప్యూటర్ కాదు. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే బల్లమీది ఆట. అందులో మోసే బరువును బంగారు నాణేల లెక్కలో కొలిచేవారు. నేలమాళిగలోంచి తెచ్చుకునే నిధి కూడా నాణేలే కాబట్టి, వెంట తీసుకెళ్లిన ప్రతి కత్తీ, ప్రతి తాడూ నిధికి దక్కాల్సిన చోటును తినేసేది. చక్కటి ఆలోచనే గాని, ఆడేవాళ్లకు ఈ కూడికలు విసుగు పుట్టించేవి. చాలామంది పక్కన పెట్టేసేవారు. కంప్యూటర్‌కు ఆ విసుగు లేదు.

ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన 'ప్లేటో' కంప్యూటర్ వ్యవస్థ మీద డెబ్బైల నడుమే ఇలాంటి ఆటలు మొదలయ్యాయి. 1977 నాటి 'ఊబ్లియెట్'లో కొందరు కలిసి జట్టుగా నేలమాళిగలోకి దిగవచ్చు. అయితే ఇంట్లో ఒంటరిగా కూర్చుని జట్టు మొత్తాన్నీ ఒక్కరే నడిపే పద్ధతికి గట్టి రూపం ఇచ్చింది 1981లో ఆపిల్ 2 మీద వచ్చిన 'విజార్డ్రీ'. ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ దాన్ని రాశారు.

విజార్డ్రీలో జట్టుకు ఆరుగురు. ముందు వరుసలోని ముగ్గురే కత్తి దూయగలరు, వెనక ముగ్గురు మంత్రాలకే. కాబట్టి కవచం తొడుక్కున్న యోధులు ముందు, మాంత్రికుడు, పూజారి వెనక అనే అమరిక ఆ నియమంలోంచే వచ్చింది. ఒక్కొక్కరు మోయగలిగింది ఎనిమిది వస్తువులే, అదీ ఒంటిమీద వేసుకున్నవాటితో కలిపి. కత్తి, డాలు, కవచం, శిరస్త్రాణం పోను మిగిలేది నాలుగు వస్తువులకు చోటు. దొరికిన వస్తువు ఏమిటో వెంటనే తెలియదు. శాపం ఉన్నదైతే తొడిగాక తీయడం కుదరదు. ఆటలోని బోల్టాక్ అనే వర్తకుడి అంగట్లో గుర్తు పట్టించుకోవచ్చు గాని, అందుకు తీసుకునే రుసుము ఆ వస్తువును అమ్మితే వచ్చే సొమ్ముతో సమానం. అందుకే వస్తువులను ఉచితంగా గుర్తుపట్టే బిషప్‌కు జట్టులో అంత విలువ. ఒక దుకాణం ధరల పట్టీ జట్టులో ఎవరుండాలో నిర్ణయించేసింది. తర్వాత వచ్చిన ఎన్నో ఖరీదైన ఆటల్లో ఇంత పొందిక కనిపించదు.

అదే దశాబ్దంలో వ్యూహానికి స్థలం తోడైంది. రిచర్డ్ గారియట్ 'అల్టిమా 3' (1983) నలుగురి జట్టును యుద్ధానికి వేరే తెర మీద నిలబెట్టి, ఒక్కొక్కరినీ కదిపే వీలిచ్చింది. 'పూల్ ఆఫ్ రేడియన్స్' (1988) గళ్ల మైదానంలో ఆరుగురి పోరాటాన్ని ఇంకా లోతుగా నడిపింది. 'డంజన్ మాస్టర్' (1987) ఆలోచించుకునే వ్యవధినే తీసేసింది. కాలం ఆగకుండా నడుస్తుంటే దివిటీ, తిండి, నీళ్లు, బరువు అన్నీ చూసుకోవాల్సి వచ్చింది.

జపాన్ దారి వేరు. విజార్డ్రీ, అల్టిమాలను ఇష్టపడ్డ యూజీ హోరీ 1986లో 'డ్రాగన్ క్వెస్ట్'ను ఒక్క వీరుడితో మొదలుపెట్టి, 1988లో మూడో భాగానికి నలుగురి జట్టును ఎంచుకునే దశకు వచ్చారు. ఇక్కడా ఒక్కొక్కరికి ఎనిమిది వస్తువులే. యుద్ధంలో ఎవరి దగ్గరున్న మూలిక వాళ్లే వాడగలరు. ఆరో భాగంలో (1995) ఉమ్మడి సంచి వచ్చినా, పోరాటం మధ్యలో అందులో చేయి పెట్టడం కుదరదు. అందువల్ల బయల్దేరే ముందు మూలికలు పంచడమే సగం వ్యూహం. 'ఫైనల్ ఫాంటసీ' (1987) మాత్రం మందులను మొదటినుంచీ ఉమ్మడి చేసింది, ఒక్కో రకం 99 దాకా. ఎవరు ఏం మోయాలన్న బెంగ పోయింది. దాని స్థానంలో దాచుకునే అలవాటు వచ్చింది: ఎలిక్సిర్ అనే అరుదైన మందును రేపటి పెద్ద గండానికని అట్టేపెట్టి, ఆట ముగిసేదాకా వాడకుండా ఉండిపోవడం.

'డయాబ్లో' జట్టును వదిలేసి సంచినే ఆటగా మార్చింది. నలభై గళ్ల సంచిలో మందుసీసాకు ఒక గడి, విల్లుకు ఆరు. 1998లో 'బాల్డర్స్ గేట్' మళ్లీ ఆరుగురిని తెచ్చింది. పోరాటం ఆగకుండా సాగుతుంది, కావాలంటే మీట నొక్కి ఆపి ఆజ్ఞలు ఇవ్వవచ్చు. 'ఫైనల్ ఫాంటసీ 12' (2006) ఆ ఆపడాన్ని కూడా తగ్గించింది. గాంబిట్ల పేరిట ఆటగాడు ముందే షరతులు రాసిపెడతాడు: తోటివాడి ప్రాణశక్తి 30 శాతం కన్నా తగ్గితే వైద్యమంత్రం, లేకపోతే నాయకుడు ఎదుర్కొంటున్న శత్రువు మీద దాడి. పై వరుస షరతుకే మొదటి హక్కు. ఈ రెంటినీ తారుమారు చేస్తే పక్కవాడు నేలకొరుగుతున్నా వైద్యుడు కత్తి తిప్పుతూనే ఉంటాడు.

ఆన్‌లైన్ ఆటల్లో జట్టు అంటే నిజమైన మనుషులు. 'ఎవర్‌క్వెస్ట్' (1999), 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' (2004) దెబ్బలు కాచే ట్యాంక్, నయం చేసే హీలర్, శత్రువును కొట్టేవాళ్లు అనే మూడు పాత్రల విభజనను స్థిరపరిచాయి. నలభై మంది కలిసి కూల్చిన రాక్షసుడి దగ్గర నాలుగు వస్తువులు దొరికితే ఎవరికివ్వాలి? ఈ తగువు తీర్చడానికి ఆటగాళ్లే హాజరుకు పాయింట్లిచ్చే పద్దులు కట్టారు. నియమాలు రాసింది కంపెనీలు కావు, ఆడేవాళ్లే.

తర్వాతి కాలంలో ఇరుకు సంచి, పెద్ద సంచి అనే రెండు ధోరణులూ పక్కపక్కనే సాగాయి. 'డార్కెస్ట్ డంజన్' (2016) పాత ఇరుకును కోరి తెచ్చుకుంది. తిండి, దివిటీలు ముందే కొనాలి, అవి పట్టిన గళ్లు నిధికి దొరకవు. 1974 నాటి నాణేల లెక్కే ఇది. లేరియన్ సంస్థ 2023లో తెచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'లో దొరికిన వస్తువును ఎక్కడినుంచైనా శిబిరానికి పంపేయవచ్చు, కాబట్టి బరువు పెద్ద అడ్డంకి కాదు. పోరాటం వంతులవారీగా సాగే ఈ ఆటలో బిగువంతా వంతులో ఉంది. మందు తాగడానికి ఆ వంతులోని అదనపు చర్య ఖర్చవుతుంది. సీసాను సహచరుల మధ్య నేల మీద విసిరికొడితే, చిందిన మందు ఆ దగ్గరున్న అందరి గాయాలనూ మాన్పుతుంది. పడిపోయిన ఇద్దరు పక్కపక్కనే ఉంటే ఒకే సీసా ఇద్దరినీ లేపుతుంది. జట్టు ఎక్కడ నిలబడింది, సంచిలో ఏముంది అన్న రెండు లెక్కలూ అక్కడ ఒకే ఎత్తుగడలో కలుస్తాయి.