పాఠం 9: రాస్ప్‌బెర్రీ పై మీద రిస్క్ ఓఎస్ - ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మనుగడ చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- రిస్క్ ఓఎస్ ఏ పరిస్థితుల్లో పుట్టిందో వివరించగలుగుతారు.
- దాన్ని రాస్ప్‌బెర్రీ పైలో అమర్చే పద్ధతిని, అందులో కనిపించే చారిత్రక ఆనవాళ్లను గుర్తించగలుగుతారు.
- మార్కెట్టులో ఓడిపోయిన వ్యవస్థ ఎందుకు బతికిందో, దానికి ఇప్పుడు ఎదురవుతున్న ప్రమాదం ఏమిటో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

ప్రాసెసరు, మెమొరీ, ఇతర ముఖ్య భాగాలన్నీ ఒకే సర్క్యూట్ బోర్డు మీద అమర్చిన యంత్రాన్ని సింగిల్ బోర్డ్ కంప్యూటర్ అంటారు. వీటిలో అందరికీ బాగా తెలిసినది రాస్ప్‌బెర్రీ పై. దీన్ని వాడేవారిలో ఎక్కువమంది లైనక్స్ ఆధారిత వ్యవస్థనే ఎంచుకుంటారు. కొద్దిమంది ఔత్సాహికులు మాత్రం రిస్క్ ఓఎస్‌ను ఎక్కించుకుంటారు. పైకి ఇది వింత సరదాలా కనిపిస్తుంది. కానీ రాస్ప్‌బెర్రీ పైలో ఉన్న ఆర్మ్ ప్రాసెసరు కుటుంబమూ, రిస్క్ ఓఎస్ కూడా ఒకే సంస్థలో పుట్టినవని తెలిస్తే వింత తగ్గుతుంది.

కంప్యూటర్ చరిత్రను సాధారణంగా గెలిచినవారి చరిత్రగానే రాస్తారు. ఈ పాఠం ఓడిపోయిన వ్యవస్థ గురించి. ఆ వ్యవస్థను ఏ బంధం బతికించిందో, అదే బంధం నేడు దాన్ని ఎలా ఇరకాటంలో పెడుతున్నదో పరిశీలిద్దాం.

9.2 పుట్టుక: ఏకార్న్, ఆర్మ్, ఆర్కిమిడీస్

ఏకార్న్ కంప్యూటర్స్ సంస్థను 1978లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో హెర్మన్ హౌజర్, క్రిస్ కర్రీ స్థాపించారు. ప్రజలకు కంప్యూటర్ అక్షరాస్యత నేర్పాలని బీబీసీ సంకల్పించినప్పుడు అందుకు కావలసిన యంత్రాన్ని ఈ సంస్థే తయారుచేసింది. 1981 చివర వెలువడిన ఆ బీబీసీ మైక్రో బ్రిటన్ పాఠశాలల్లో విస్తృతంగా చేరింది. మన దేశానికీ దీనితో సంబంధం ఉంది. 1984-85లో భారత ప్రభుత్వం 'క్లాస్' పేరుతో పాఠశాలల్లో ప్రారంభించిన ప్రయోగాత్మక కంప్యూటర్ విద్యా పథకానికి ఎంచుకున్నది ఈ బీబీసీ మైక్రోనే.

తరువాతి యంత్రానికి తగిన ప్రాసెసరు దొరకక ఏకార్న్ 1983లో సొంతంగా ఒకటి రూపొందించడానికి పూనుకుంది. సోఫీ విల్సన్ ఆదేశాల సమితిని, స్టీవ్ ఫర్బర్ దాని నిర్మాణాన్ని రూపొందించారు. 1985 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి ఆర్మ్ చిప్పులో ట్రాన్సిస్టర్లు సుమారు 25,000 మాత్రమే. తక్కువ ఆదేశాలు, తక్కువ విద్యుత్తు దాని ప్రత్యేకతలు.

ఈ చిప్పు తరువాతి రూపంతో 1987లో ఆర్కిమిడీస్ కంప్యూటర్ మార్కెట్టులోకి వచ్చింది. దానికోసం తలపెట్టిన భారీ ఆపరేటింగ్ సిస్టమ్ సకాలంలో పూర్తికాలేదు. అందువల్ల 'ఆర్థర్' అనే తాత్కాలిక వ్యవస్థను తొందరగా సిద్ధం చేశారు. దాన్నే మెరుగుపరచి 1989లో రిస్క్ ఓఎస్ 2గా విడుదల చేశారు. అవసరార్థం చేసిన ఏర్పాటే శాశ్వతమైంది. ఆ మొత్తం వ్యవస్థ 512 కిలోబైట్ల చెరగని రోమ్ చిప్పుల్లో ఇమిడింది. అంత చిన్నదిగా, వేగంగా ఉండడానికి కారణం దానిలో అధిక భాగాన్ని ఆర్మ్ అసెంబ్లీ భాషలో, అంటే ఆ ప్రాసెసరు సొంత భాషలో, నేరుగా రాయడమే. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. పాఠం చివర దీని ఫలితం చూస్తాం.

9.3 ఓటమి, మనుగడ

1990 నవంబరులో ఏకార్న్, యాపిల్, వీఎల్‌ఎస్‌ఐ టెక్నాలజీ కలిసి ఆర్మ్‌ను విడి సంస్థగా నెలకొల్పాయి. అక్కడితో తల్లీబిడ్డల దారులు వేరయ్యాయి. ఆర్మ్ చిప్పులు తరువాతి కాలంలో ప్రపంచంలోని సెల్‌ఫోన్లలో దాదాపు అన్నింటిలోకీ పాకాయి. ఏకార్న్ మాత్రం విండోస్ ధాటికి నిలవలేక 1998 సెప్టెంబరులో డెస్క్‌టాప్ కంప్యూటర్ల తయారీని ఆపేసింది.

రిస్క్ ఓఎస్ చేతులు మారుతూ వచ్చింది. మొదటి పరీక్ష 2002లో ఎదురైంది. తొలి ఆర్మ్ చిప్పులు ప్రోగ్రాము చిరునామాకు 26 బిట్లే వాడేవి. కొత్త చిప్పులు ఆ పద్ధతిని వదిలేశాయి. క్యాజిల్ టెక్నాలజీ సంస్థ తెచ్చిన ఐయోనిక్స్ యంత్రం కోసం వ్యవస్థను పూర్తి 32 బిట్లకు మార్చవలసి వచ్చింది. అదే రిస్క్ ఓఎస్ 5. పాత ప్రోగ్రాములు అనేకం సవరిస్తే తప్ప దానిమీద నేరుగా నడవలేదు.

2006లో రిస్క్ ఓఎస్ ఓపెన్ అనే సంస్థ ఏర్పడి సోర్స్ కోడ్‌ను దశలవారీగా అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఆ కోడ్ చేతికందడంతో ఔత్సాహికులు దాన్ని బీగిల్‌బోర్డు వంటి చిన్న బోర్డులకు అనువుగా మార్చారు. 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై అమ్మకానికి వచ్చింది. మొదటి బోర్డు ధర 35 డాలర్లు. బోర్డులకు పెట్టిన మోడల్ ఏ, మోడల్ బీ అనే పేర్లు బీబీసీ మైక్రో పేర్లకు అనుసరణ. అదే ఏడాది చివరికి రిస్క్ ఓఎస్ దానిమీద నడిచింది. 2018లో ఈ వ్యవస్థ అపాచీ లైసెన్సు కిందికి వచ్చింది. ఇక దాన్ని ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు.

9.4 అమరిక: అడుగడుగునా చరిత్ర

అమర్చడానికి బోర్డు, మెమొరీ కార్డు, తెర, కీబోర్డు, మౌసు చాలు. రిస్క్ ఓఎస్ ఓపెన్ అందించే కార్డు ఇమేజ్‌ను మరో కంప్యూటరులో దింపుకోవాలి. దాన్ని మామూలు ఫైలులా కాపీ చేస్తే పనిచేయదు. ఇమేజ్ రాసే ప్రోగ్రాముతోనే కార్డు మీద రాయాలి. ఎందుకంటే ఆ కార్డులో రెండు ప్రపంచాలు ఉంటాయి. బోర్డుకు కరెంటు ఇవ్వగానే ముందు మేల్కొనేది ఆర్మ్ కాదు, గ్రాఫిక్స్ ప్రాసెసరు. దానికి తెలిసినది ఫ్యాట్ పద్ధతి. అందువల్ల ప్రారంభ ఫైళ్లు, రిస్క్ ఓఎస్ రోమ్ ఇమేజ్ ఫ్యాట్ భాగంలో ఉంటాయి. మిగిలిన కార్డు ఏకార్న్ కాలం నాటి సొంత ఫైలు పద్ధతిలో ఉంటుంది. ఒకప్పుడు చిప్పుల్లో ఉన్న రోమ్ ఇప్పుడు ఒక ఫైలుగా మారిందన్నమాట.

కొన్ని క్షణాల్లోనే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. ఇక్కడ కొత్తవారు తడబడే చోట్లు మూడు:

మొదటిది మౌసు. మూడు బటన్లకూ వేర్వేరు పనులున్నాయి. ఎడమది ఎంపికకు, మధ్యది మెనూకు, కుడిది ఎంపికలో మార్పుకు. కిటికీల పైన మెనూ వరుస ఉండదు. మధ్య బటన్ నొక్కితేనే మెనూ వస్తుంది. చక్రం ఉన్న మౌసులో ఆ చక్రాన్నే నొక్కాలి.

రెండవది ఫైళ్లు. ఒక డైరెక్టరీలోని మరో డైరెక్టరీని చుక్కతో సూచిస్తారు. ఫైలు రకాన్ని పేరు చివర అక్షరాలు కాక, విడిగా నమోదైన సంఖ్య తెలుపుతుంది. ఫైలును భద్రపరచాలంటే దాని బొమ్మను లాగి కావలసిన డైరెక్టరీ కిటికీలో వదలాలి.

మూడవది ఆదేశాల వరుస. ఎఫ్12 నొక్కితే తెర అడుగున నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. బీబీసీ మైక్రోలో వ్యవస్థకు ఇచ్చే ఆదేశాలన్నీ ఆ గుర్తుతోనే మొదలయ్యేవి. అక్కడ 'బేసిక్' అని టైపు చేస్తే బీబీసీ బేసిక్ భాష సిద్ధంగా ఉంటుంది. దాన్ని తొలుత రాసినదీ సోఫీ విల్సనే.

పరిమితులనూ తెలుసుకోవాలి. బోర్డులో నాలుగు కోర్లు ఉన్నా వ్యవస్థ ఒక్కదాన్నే వాడుకుంటుంది. ఒక ప్రోగ్రాము తన వంతు వదులుకుంటేనే మరొకటి నడుస్తుంది. ఒకటి మొండికేస్తే మిగిలినవన్నీ ఆగిపోతాయి. బ్యాంకు పనులకో, ఆన్‌లైన్ తరగతులకో ఇది తగినది కాదు. కంప్యూటరు లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూడదలచిన విద్యార్థికి మాత్రం మంచి ప్రయోగశాల.

9.5 రెండవ పరీక్ష

2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5లోని ప్రాసెసరు 32 బిట్ల మామూలు ప్రోగ్రాములను నడపగలదు గాని, 32 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడపలేదు. ఉన్నదున్నట్లుగా రిస్క్ ఓఎస్ దానిమీద నడవదు. లైనక్స్‌లో అధిక భాగం సీ భాషలో ఉంది కాబట్టి కొత్త చిప్పు వస్తే చాలావరకు తిరిగి కంపైల్ చేస్తే సరిపోతుంది. అసెంబ్లీలో రాసిన వ్యవస్థకు ఆ వెసులుబాటు లేదు. ఆ భాగాలను మనుషులు కూర్చుని మళ్లీ రాయాలి. ఒకనాడు అర మెగాబైటులో ఇమడ్చిన నేర్పే ఇప్పుడు భారమైంది.

2002లో ఆ పని చేయడానికి ఒక వ్యాపార సంస్థ ఉంది. ఇప్పుడు ప్రధానంగా ఆధారం కొద్దిమంది నిపుణులు, ఔత్సాహికుల శ్రమే. అయితే అప్పుడు లేని బలం ఒకటి ఇప్పుడుంది. కోడ్ ఎవరి బీరువాలోనూ బందీగా లేదు.

9.6 సారాంశం

రిస్క్ ఓఎస్ ఆర్మ్‌తో పాటు పుట్టింది. ఏకార్న్ పతనమైనా ఆర్మ్ విస్తరించడం వల్ల దానికి కొత్త యంత్రాలు దొరికాయి. సోర్స్ కోడ్ బయటికి రావడం వల్ల వాటిమీదికి చేరగలిగింది. అదే చిప్పుతో పెనవేసుకున్న రచన వల్ల 64 బిట్ల కాలంలో చిక్కుల్లో పడింది. ఒక సాంకేతిక వ్యవస్థ ఆయుష్షును నిర్ణయించేది దాని నాణ్యత ఒక్కటే కాదు. దాన్ని ఏ భాషలో రాశారు, హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయి, దాన్ని తెలిసినవారు ఇంకా ఎంతమంది మిగిలారు అనేవి కూడా అంతే ముఖ్యం.

9.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కార్డు ఇమేజ్‌ను మామూలు ఫైలులా కాపీ చేస్తే ఎందుకు పనిచేయదు?
2. రిస్క్ ఓఎస్‌లో కనిపించే బీబీసీ మైక్రో ఆనవాళ్లను తెలపండి.

II. ఈ కింది ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. 'రిస్క్ ఓఎస్‌ను బతికించినదీ, ప్రమాదంలో పడవేసినదీ ఆర్మ్‌తో దానికున్న బంధమే.' చర్చించండి.