ఐటీ జాబ్స్: కొత్తగా ప్రాజెక్ట్ మేనేజర్ అయ్యారా? ఈ 5 విషయాలు మర్చిపోతే టీమ్‌కే తిప్పలు!

నిన్నటిదాకా కోడింగ్.. ఇవాళ్టి నుంచి ప్రాజెక్ట్ మేనేజర్. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఇలా ప్రమోషన్ అందుకునేవాళ్లు చాలామందే ఉంటారు. హోదా పెరుగుతుంది సరే.. కానీ డెలివరీ తేదీ తప్పితే క్లయింట్‌కు సమాధానం చెప్పుకోవాల్సింది ఇక మీరే. శని, ఆదివారాలు పోగొట్టుకునేది మాత్రం టీమ్. అందుకే మొదటి ప్రాజెక్ట్ నుంచే ఈ విషయాలు గుర్తుపెట్టుకోండి.

1. నోటికొచ్చిన తేదీ చెప్పొద్దు
"ఎప్పటికి అవుతుంది?" అని క్లయింట్ అడగ్గానే తేదీ ఇచ్చేయకండి. "టీమ్‌తో మాట్లాడి రేపు చెబుతాం" అనడంలో తప్పేం లేదు. పని చేసేవాళ్లతోనే అంచనా వేయించండి. కోడ్ రాసే రోజులే కాదు.. టెస్టింగ్, బగ్స్ సరిచేయడం, అప్రూవల్స్, సెలవులు కూడా లెక్కలోకి రావాలి. సంక్రాంతి వారంలో రిలీజ్ పెట్టుకుంటే ఎలా? సగం టీమ్ ఊరెళ్లిపోతుంది!

2. 'చిన్న మార్పే కదా' అన్నా రాసిపెట్టండి
స్క్రీన్‌పై ఒక్క కాలమ్ పెంచినా డేటాబేస్, రిపోర్టులు, టెస్టింగ్ అన్నీ కదులుతాయి. మార్పు ఏంటి, ఎన్ని రోజులు పడుతుంది, తేదీ జరుగుతుందా.. ఈ మూడూ మెయిల్‌లో పెట్టండి. క్లయింట్ ఓకే అన్నాకే పని మొదలుపెట్టాలి.

3. రాత్రి కాల్స్ అందరూ పంచుకోవాలి
అమెరికా తూర్పు తీరంలో ఉదయం 8:30 అయితే మనకు వేసవిలో సాయంత్రం 6, చలికాలంలో 7 గంటలు. మార్చి, నవంబర్‌లలో అక్కడ గడియారాలు మారుస్తారు కాబట్టి కాల్ టైమ్ ముందే సరిచూసుకోండి. రోజూ ఒక్కరినే కూర్చోబెట్టకుండా వంతులు వేయండి.

4. లేటయిందని కొత్తవాళ్లను దించొద్దు
ఆలస్యమైన ప్రాజెక్ట్‌లోకి మరింతమందిని తెస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే 'ది మిథికల్ మ్యాన్-మంత్' పుస్తకంలో హెచ్చరించారు. ఐబీఎంలో ఓఎస్/360 ప్రాజెక్ట్ నడిపిన అనుభవం ఆయనది. లెక్క చూడండి.. ఐదుగురిలో ఇద్దరిద్దరు మాట్లాడుకోవాలంటే 10 జతలు. అదే పది మంది అయితే 45. పైగా కొత్తవాళ్లకు పని నేర్పాల్సింది పాతవాళ్లే. అంతకంటే కొన్ని ఫీచర్లను తర్వాతి రిలీజ్‌కు జరపడం మేలు.

5. చెడ్డ వార్తను దాచొద్దు
అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైట్ హెల్త్‌కేర్.గవ్ 2013 అక్టోబర్ 1న మొదలైంది. తొలిరోజు నమోదు పూర్తి చేయగలిగింది కేవలం ఆరుగురు! ముందే వచ్చిన హెచ్చరికలను పట్టించుకోలేదని తర్వాత ప్రభుత్వ సమీక్షలోనే తేలింది. కాబట్టి "ఎంత పూర్తయింది?" అని అడిగి ఊరుకోవద్దు. "ఏం పనిచేస్తోందో చూపించండి" అనండి. సమస్య చెప్పినవాళ్లపై అరిస్తే మళ్లీ ఎవరూ చెప్పరు. తేదీ జరుగుతుందనిపిస్తే ఆ రోజే క్లయింట్‌కు చెప్పండి.. ఎంత జరుగుతుంది, ఏది ముందు ఇవ్వగలరు అన్నదీ కలిపి చెప్పండి. నెల ముందు తెలిస్తే వాళ్లు ప్లాన్ మార్చుకోగలరు. రిలీజ్‌కు ముందురోజు తెలిస్తే మాత్రం చేయగలిగిందేమీ ఉండదు.